పేను కొరకని పేనుకొరుకుడు

తలలో ఒకచోట వెండ్రుకలు రూపాయి బిళ్ళ పెట్టి గీచినట్లు గుండ్రముగా ఊడిపోవును. ఆ చోట చర్మము నున్నగా ఉండును; పుండుగాని, పొట్టుగాని కనిపింపదు; నొప్పియు సాధారణముగా ఉండదు. మగవానికి వచ్చినచో ముందుగా కనుగొనునది క్షురకుడు. ఆడపిల్లకు వచ్చినచో జడవేయు తల్లి. రోగికి తనంత తానుగా తెలియుట అరుదు. మన చిట్యాలలోగాని, మొగుళ్ళపల్లి, రేగొండ ప్రాంతములలోని ఏ పల్లెలోగాని దీనిని చూపి ఇది యేమని అడిగినచో, "పేను కొరికింది" అను సమాధానమే వచ్చును. వైద్యులు అలొపీషియా ఏరియేటా అని పిలుచు ఈ వ్యాధికి తెలుగునాట పేనుకొరుకుడు అనియే పేరు.

ఆ పేరు నిజమే యైనచో నేటి ఈ ప్రసంగమునకు అవసరమే లేదు. తలలోని పేలను చంపుకొని సుఖముగా ఉండవచ్చును. కాని శ్రోతలారా, పేను వెండ్రుకను కొరకదు. దాని నోరు చర్మమును గ్రుచ్చి రక్తమును పీల్చుకొనుటకు మాత్రమే ఏర్పడినది. వెండ్రుక దానికి ఆహారము కాదు. పట్టుకొని నడుచుటకును, ఈపులు అంటించుటకును ఆధారము మాత్రమే. పేలు నిండిన తలలో వెండ్రుకలు ఒత్తుగా ఉండుటయు, ఒక్క పేనైనను లేని తలలో ఈ మచ్చ కనబడుటయు మీలో పలువురు చూచియే యుందురు.

ఈ పొరపాటు మన ఒక్కరిదే కాదు. తమిళులు దీనిని పుళువెట్టు అందురు; అనగా పురుగు కోత. హిందీ ఉర్దూలు మాట్లాడువారు బాల్‌ఖోరా అందురు. వెండ్రుకలను తినునది అని అర్థము. అలొపీషియా అను గ్రీకు మాటకు మూలము నక్క. గజ్జి పట్టిన నక్కకు బొచ్చు ఊడునట్లు మనుష్యునికి ఊడినదని వారు భావించిరి. రాత్రికి రాత్రి ఏదో వచ్చి తినిపోయినట్లు కనబడు వ్యాధికి ఒక జంతువునో పురుగునో కారణముగా చెప్పుట మానవ స్వభావము వలె నున్నది.

పేరు ఏదైన నేమి అని ఊరకొనుటకు ఇచ్చట వీలులేదు. పేను అనగానే అపరిశుభ్రత తలపునకు వచ్చును. బిడ్డ తలను సరిగా చూడలేదని తల్లిని నిందింతురు. బడిలో తోటిపిల్లలు ఆ బాలిక ప్రక్కను కూర్చుండుటకు వెనుకాడుదురు. ఇంటిలో దువ్వెన వేరు, తుండుగుడ్డ వేరు, పడక వేరు చేయుదురు. తరువాత పురుగును చంపవలెనను ఆతురతతో కిరోసిన్ మొదలుకొని నానావిధములైన ఘాటు పదార్థములను లేత చర్మముపై పూయుదురు. వ్యాధి చేయని చెరుపును ఈ చికిత్స చేయును. అందుచేత మొదట చెప్పవలసిన మాట ఇది: పేనుకొరుకుడు అంటువ్యాధి కాదు. ఒకే దువ్వెన వాడినను, ఒకే దిండుపై పరుండినను ఒకరినుండి ఒకరికి సంక్రమింపదు.

మరి వెండ్రుకలను రాల్చుచున్న దెవరు? మన శరీరమే. ఆ సంగతిని కొంచెము వివరింతును.

మనుష్యుని తలపై సుమారు ఒక లక్ష వెండ్రుకలుండును. ఒక్కొక్కటి రెండు మొదలు ఆరేండ్ల వరకు ఎదిగి, పిమ్మట రెండు మూడు మాసములు విశ్రమించి, రాలిపోవును. దాని కుదురునుండియే క్రొత్తది పుట్టును. ఈ క్రమములో దినమునకు ఏబది నుండి నూరు వెండ్రుకలు రాలుట ఎవరికైనను సహజమే. ఒకటి రాలుచోట మరియొకటి ఎదుగుచుండుటచే మనకు లోటు తెలియదు.

మన రక్తములో తెల్లకణములను కావలివారున్నారు. శరీరములో ప్రవేశించిన సూక్ష్మజీవులను గుర్తించి చంపుట వారి పని. ఈ కావలివారు శరీరమంతయు తిరుగుచు ప్రతి కణముయొక్క గుర్తును పరీక్షింతురు. కాని ఎదుగుచున్న వెండ్రుక కుదురునకు ఒక విశేషమున్నది. అది తన గుర్తులను దాచుకొని, కావలివారి కంటబడకుండ ఉండును. కంటిలోని కొన్ని భాగములకును ఇట్టి రక్షణయే కలదు. ఏ కారణముచేతనో ఈ మరుగు తొలగినప్పుడు, తెల్లకణములలో టి కణములను ఒక జాతి ఆ కుదురును పరాయిదిగా భావించి దానిపై పడును. ఆ చర్మపు తునకను సూక్ష్మదర్శినిలో చూచినచో, కుదురు చుట్టును కణములు తేనెటీగల వలె ముసరియుండును. వైద్యగ్రంథములలో ఈ పోలికయే వాడుకలో నున్నది. దెబ్బతిన్న వెండ్రుక ఎదుగుట మాని, మొదలు సన్నబడి, చర్మమునకు కొంచెము పైన తెగిపోవును. మచ్చ అంచున కొన యందు లావుగను, మొదట సన్నముగను ఉండు పొట్టి వెండ్రుకలు కనబడుటకు కారణమిదియే. అవి ఉన్నచో వ్యాధి ఇంకను వ్యాపించుచున్నదని వైద్యుడు గ్రహించును.

కంచె చేను మేసినట్లు అని మనవారు అందురు గదా. ఈ వ్యాధి సరిగా అదియే. కాని ఇందులో ఒక ఊరట కలదు. కావలివారు దాడిచేయునది కుదురు యొక్క అడుగు భాగముపై. క్రొత్త వెండ్రుకను పుట్టించు మూలకణములు దానికి పైన, చర్మమునకు దగ్గరగా, వేరొకచోట ఉండును, అవి చెడవు. వేములవాడలోనో, యాదగిరిగుట్టలోనో తలనీలాలు సమర్పించి వచ్చినవారికి మరల జుట్టు వచ్చుటకు ఎవరును ఆశ్చర్యపడరు. మూలము లోపల ఉన్నదని అందరికిని తెలియును. పేనుకొరుకుడులోను మూలము లోపలనే ఉన్నది. దాడి ఆగినచో ఏండ్లు గడిచిన పిమ్మటనైనను వెండ్రుక మొలవగలదు. ఇంత ఆశ ఉన్న చర్మమును మనమే కాల్చి మచ్చ కట్టించినచో ఆ మూలమును నశించును. అప్పుడు ఏ మందును పనిచేయదు.

నూరుమందిలో ఇంచుమించు ఇద్దరికి జీవితకాలములో ఎప్పుడో ఒకప్పుడు ఈ వ్యాధి వచ్చునని అమెరికాలో జరిగిన పరిశీలనలు తెలుపుచున్నవి. స్త్రీ పురుష భేదము లేదు. చాలమందికి చిన్నతనములోనో, యౌవనములోనో మొదలగును. కొందరి కుటుంబములలో మరియొకరికిని ఉండును. థైరాయిడ్ గ్రంథి వ్యాధులు, బొల్లి, ఉబ్బసము, గజ్జివంటి అలర్జీ దురదలు వీరిలో ఇతరులకంటె కొంత హెచ్చుగా కనబడును. గోళ్ళపై సూదితో పొడిచినట్లు చిన్న చిన్న గుంటలుండుటయు కలదు. దిగులువలన వచ్చినదని పలువురు నమ్ముదురు. మనోవ్యథ కొందరిలో దీనిని రేపవచ్చును గాని, దిగులు మానుము జుట్టు అదే వచ్చును అని రోగికి హితవు చెప్పుట న్యాయము కాదు. జుట్టు పోయినందువలననే దిగులుపడుచున్న వారికి అది మరియొక నింద.

ప్రాచీనులు దీనినెట్లు చూచిరో కొంచెము చెప్పుట అప్రస్తుతము కాదు. సుశ్రుత సంహితలో ఇంద్రలుప్తమను పేరుతో క్షుద్రరోగములలో ఇది వర్ణింపబడినది. పిత్తము వాతముతో కూడి రోమకూపములను చేరి వెండ్రుకలను రాల్చుననియు, పిమ్మట కఫము రక్తముతో కూడి ఆ కూపములను మూసివేయుటచే క్రొత్తవి మొలవవనియు అందు చెప్పబడినది. ఆ సిద్ధాంతమును నేటి విజ్ఞానముతో సరిపెట్టవలెనని నేను ప్రయత్నింపను. అట్టి ప్రయత్నములు ఇరువైపులను చెరచును. కాని సుశ్రుతుడు పేనును గూర్చి అనక, తప్పును శరీరములోనే, వెండ్రుక కుదురులోనే వెదకినాడనుట గమనింపదగినది. రోమ్‌లో క్రీస్తు తరువాత మొదటి శతాబ్దమున సెల్సస్ ఈ మచ్చలను వర్ణించెను. తల వెనుక చెవినుండి చెవివరకు పాము వలె ప్రాకు రూపమును ఆయన వేరుగా గుర్తించెను. ఆ రూపము నేటికిని మొండిదే. ఫ్రాన్సు దేశపు వైద్యుడు సొవాజ్ పదునెనిమిదవ శతాబ్దములో నేటి పేరును పెట్టెను. తరువాత పారిస్‌లోని సబురో వంటి గొప్ప వైద్యుడు సైతము దీనికి సూక్ష్మజీవి కారణమని తలచెను. మన పల్లెవాని పేనునకును, ఆయన సూక్ష్మజీవికిని పరిమాణములో తప్ప పెద్ద భేదము లేదు.

2010 లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున ఆంజెలా క్రిస్టియానో బృందము వేయిమందికి పైగా రోగుల జన్యువులను పరిశీలించి, లోపము రక్షణ వ్యవస్థలోనే ఉన్నదని దృఢపరచెను. ఆ శాస్త్రజ్ఞురాలికి స్వయముగా ఈ వ్యాధి కలదు. కావలి కణములకు దాడిచేయుమని ఆజ్ఞనందించు తంతి వంటి మార్గమొకటి ఉన్నదనియు, దానిని మందుతో అడ్డగించినచో వెండ్రుకలు మరల వచ్చుననియు అదే బృందము 2014 లో ప్రకటించెను. ఆ ఫలితమునకు తరువాత వత్తును. ముందు మన ఇంటి వైద్యమును చూతము.

మన ప్రాంతములో గురివింద గింజను అరగదీసి పట్టువేయుట చాల కాలమునుండి ఉన్నది; ఆయుర్వేదములోను ఆ లేపము చెప్పబడినది. జీడిగింజ చమురు, ఉల్లిరసము వాడువారును కలరు. ఇవి యన్నియు మూఢనమ్మకములని త్రోసివేయుట సరికాదు. చిన్న మచ్చలు గల రోగులలో చాలమందికి ఏ మందు లేకుండనే సంవత్సరము లోపల జుట్టు వచ్చును. ఆ కాలములో ఎవరు ఏది పూసియుండిన ఆ కీర్తి దానికే పోవును. అది యొక కారణము. మరియొకటి కూడ కలదు. చర్మమును కొద్దిగా రేపినచో కావలి కణములు ఆ రాపిడివైపు మరలి, వెండ్రుక కుదురును విడిచిపెట్టునట్లు తోచుచున్నది. పెద్ద ఆసుపత్రులలో డైఫెన్‌సైప్రోన్ అను రసాయనమును అతి పలుచగా కలిపి, వారము వారము తలకు పూసి, కొద్దిపాటి దురదను బుద్ధిపూర్వకముగా కలిగించు చికిత్స ఈ సూత్రముపైననే నడచుచున్నది. ఉల్లిరసమును దినమునకు రెండు మారులు పూసిన ఇరువదిముగ్గురిలో ఇరువదిమందికి ఆరు వారములలో జుట్టు వచ్చినదని 2002 లో బాగ్దాదు వైద్యులు ప్రకటించిరి. రోగుల సంఖ్య స్వల్పమగుటచే దానిపై ఎక్కువ భారము మోపరాదు గాని, ఉల్లివలన పెద్ద అపాయము లేదు, మండినచో మానివేయవచ్చును.

గురివింద, జీడి అట్లు కావు. గురివింద గింజలో ఏబ్రిన్ అను తీవ్రమైన విషము కలదు. పగిలిన గింజను పసివాడు నోటబెట్టుకొన్నచో ప్రాణాపాయము. అరగదీసిన సానను, మిగిలిన గింజలను ఇంటిలో వదలిపెట్టుట ఎంత ప్రమాదమో ఆలోచింపుడు. జీడిచమురు చర్మమును బొబ్బలెక్కించును. బొబ్బ పుండై మానినచోట వెండ్రుక శాశ్వతముగా పోవచ్చును. వైద్యుడు కొలిచి కలిగించు రాపిడి వేరు, కొలతలేని మంట వేరు. ఎర్రబడునట్లు గరుకు గుడ్డతో రుద్దుటయు, బ్లేడుతో గీచుటయు మానవలెను. గుండు గీయించినంత మాత్రమున జుట్టు ఒత్తుగా వచ్చుననుటయు నిజము కాదు; చూపునకు సమముగా ఉండుటకు గీయించుకొన్నచో మాత్రము నష్టము లేదు.

ఇంతకంటెను నేడు నాకు ఎక్కువ భయము గొలుపునది మందుల దుకాణపు గొట్టము. తలలో వెండ్రుకలూడు ప్రతి మచ్చయు పేనుకొరుకుడు కాదు. పిల్లల తలకు వచ్చు తామరలోను వెండ్రుకలు ఊడును. కాని అచ్చట పొట్టు లేచును, దురద యుండును, వెండ్రుకలు మొదటికి విరిగి నల్లని చుక్కలుగా నిలుచును, కొందరిలో చీముపట్టి వాచును. అది శిలీంధ్రమువలన వచ్చును, అది అంటును, దానికి కొన్ని వారములపాటు లోపలికి మాత్రలు ఈయవలెను. పేనుకొరుకుడునకు పనిచేయు స్టిరాయిడ్ లేపనమును తామరకు పూసినచో వ్యాధి విజృంభించును. తన వెండ్రుకలను తానే పీకికొను అలవాటు గల పిల్లలును ఉన్నారు. వారిని దండింపక సౌమ్యముగా అడుగవలెను. చర్మము గట్టిపడి, రంగు మారి, రంధ్రములు కూడ కనబడకుండ మూసికొనిపోయినచో అది వేరొక జబ్బు; దానికి ఆలస్యము పనికిరాదు. ఈ భేదములను చూచి చెప్పుటకు చర్మవైద్యునికి సాధారణముగా కొన్ని నిమిషములు చాలును. చిట్యాల ప్రాంతమువారికి అట్టి పెద్దదిక్కు వరంగల్లులోని మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి. 1959 లో స్థాపింపబడిన కాకతీయ వైద్య కళాశాల వైద్యులు అందు పనిచేయుచున్నారు.

ఒకటి రెండు చిన్న మచ్చలే యున్నచో కొన్ని మాసములు వేచియుండుటయు ఒక చికిత్సయే. వేచియుండలేని పెద్దవారికి ట్రయామ్‌సినొలోన్ అను స్టిరాయిడును సన్నని సూదితో మచ్చలోనికే చుక్కలు చుక్కలుగా ఎక్కింతురు. నాలుగైదు వారములకొకమారు చేయవలెను. జుట్టు కనబడుటకు ఒకటి రెండు మాసములు పట్టును. నొప్పిని ఓర్చుకొనలేని పిల్లలకు ఘాటైన స్టిరాయిడ్ లేపనములు, మినాక్సిడిల్ ద్రవము వాడుదురు. సూది వేసినచోట చర్మము కొంచెము గుంటపడవచ్చును. తరచుగా అది కొన్ని మాసములకు సర్దుకొనును.

తలంతయు, లేక ఒడలంతయు వెండ్రుకలు పోయినవారి సంగతి కష్టతరము. స్టిరాయిడ్ మాత్రలు మ్రింగినచో జుట్టు వచ్చును. మానినచో తరచుగా మరల ఊడును. ఏండ్ల తరబడి మ్రింగుట ఎముకలకును, కన్నులకును, పిల్లల ఎదుగుదలకును చేటు. వారములో వరుసగా రెండు దినములు మాత్రమే ఇచ్చి తక్కిన దినములు విడుచు పద్ధతిని డాక్టరు పశ్రీచా మన దేశములో ప్రచారములోనికి తెచ్చిరి. దానితో చెరుపు తగ్గినది గాని పోలేదు.

ఇచ్చటనే 2014 నాటి పరిశోధన ఫలించినది. బారిసిటినిబ్ అను మాత్రను, తలపై సగమునకు పైగా జుట్టు పోయిన పెద్దవారికి ఇచ్చి పరీక్షించిరి. దినమునకు నాలుగు మిల్లీగ్రాముల చొప్పున ముప్పదియారు వారములు వాడినవారిలో నూటికి ముప్పదియారు నుండి ముప్పదితొమ్మిదిమందికి తలలో అయిదింట నాలుగు వంతులకు జుట్టు నిండినది. ఉత్తుత్తి మాత్ర మ్రింగినవారిలో నూటికి మూడు నుండి ఆరుగురికే అట్లయినది. 2022 జూన్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానిని అనుమతించెను. ఈ వ్యాధి ముదిరినప్పుడు లోపలికి వాడుటకు అనుమతి పొందిన మొదటి మందు అదియే. మరుసటి యేడు పండ్రెండేండ్లు నిండిన పిల్లలకును పనికివచ్చు రిట్లెసిటినిబ్ వచ్చినది. బారిసిటినిబ్ మనకు క్రొత్త పేరు కాదు. కీళ్ళవాతమునకు పుట్టిన ఈ మందును 2021 కరోనా దినములలో హైదరాబాదులోని నాట్కో సంస్థ అత్యవసర అనుమతిపై తయారు చేసెను.

నూటికి ముప్పదితొమ్మిది అనగా అరువదియొక్కరికి ఆ మేలు ఆ గడువులో కలుగలేదని కూడ అర్థము. ఈ మందు రోగకారణమును తీసివేయదు. తంతిని ఆపి యుంచును. మానినచో చాలమందికి మరల ఊడును. కావలివారిని నిదురపుచ్చు మందు కావున సూక్ష్మజీవులకు త్రోవ యిచ్చును. మన దేశములో క్షయ పలువురి ఊపిరితిత్తులలో అణగి యుండును. ఈ మాత్రకు ముందు క్షయ పరీక్ష, రక్త పరీక్షలు తప్పక చేయింపవలెను. రక్తము గడ్డకట్టు ప్రమాదము, అగ్గిపుర్రు కూడ చెప్పబడినవి. ఎవరో వాడిరని పేరు వ్రాసికొని దుకాణములో అడుగుటకు ఇది తలనొప్పి మాత్ర కాదు.

ఇక మందు పనిచేయనివారు, మందు వద్దనుకొనువారు ఉన్నారు. 2020 జనవరిలో అమెరికా ప్రతినిధుల సభ సభ్యురాలు అయానా ప్రెస్లీ తనకీ వ్యాధి వచ్చినదని చెప్పి, జుట్టులేని తలతో జనులకు కనబడెను. పిదపను ఎన్నికలలో గెలిచెను. మన పల్లెలో ఆడపిల్లకు ఆ ధైర్యమును ఉపదేశించుట మనకు సులభము, ఆమెకు కష్టము. మన ఆచారములో బోడితల స్త్రీకి ఏ యర్థములను తెచ్చిపెట్టినదో పెద్దలకు తెలియును. కనుక సవరమో, విగ్గో, తలగుడ్డయో ఆమె కోరినది ఆమె ధరింపనిండు. ఉపాధ్యాయులు తరగతిలో ఒక్కమారు, ఆ బాలిక లేని వేళ, ఇది అంటునది కాదని తక్కిన పిల్లలకు చెప్పినచో ఎంతో మేలు. పెండ్లి మాటలలో దీనిని వంశదోషముగా లెక్కించువారికి చెప్పవలసినదొక్కటే: తల్లికో తండ్రికో ఉన్నను, వారి పిల్లలలో ఎక్కువమందికి రాదు.

వరంగల్లుకు బయలుదేరు దినమున తలకు నూనెగాని, ఆకుపసరుగాని పూయకుడు. అంచునగల తెగిన వెండ్రుకలు వైద్యునికి స్పష్టముగా కనబడవలెను. ఇంతకుముందు వాడిన గొట్టములు, చీటీలు వెంట తీసికొనిపోవలెను. చేతిఫోనుతో నెలకొకమారు ఒకే వెలుతురులో మచ్చను ఫోటో తీసియుంచినచో, మందు పనిచేయుచున్నదో లేదో ఊహతో గాక కంటితో తెలియును. మొదట వచ్చు వెండ్రుకలు తెల్లగా, పసిబిడ్డ నూగు వలె ఉండవచ్చును. ముసలితనము వచ్చినదని బెదరి వానిని పెరికివేయవలదు. రంగు పుట్టించు కణములు కొంచెము ఆలస్యముగా పనిలోనికి వచ్చును. చాలమందిలో ఆ తెల్లనివే కొన్ని మాసములకు నల్లబడును.